గమ్మునుండమన్న ఆపా

ఆపా చనిపోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను గుంట గట్టు మీద నిలబడి చెక్‌ట్రే పైకి లాగుతున్నాను. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసుకునే వల పళ్ళెం అది. ఫోన్ చేసింది ఆమె తమ్ముడు. నెల్లూరులో ఫొటోలకు ఫ్రేములు కట్టే అంగడి ఆయనది. "అన్నా, ఆపా పోయింది. మధ్యాహ్నం నమాజు కాంగానే ఎత్తుతాం" అన్నాడు. ఫోన్ పెట్టెయ్యబోతూ, "చేపల సంగతి కూడా నీతో మాట్లాడాల. ఇప్పుడు గాదులే, రెండు రోజులు పోనీ" అన్నాడు.

మొదటి మాటకు చెక్‌ట్రే తాడు గట్టిగా పట్టుకున్నాను. రెండో మాటకు చెక్‌ట్రే చేతిలోంచి జారి నీళ్ళలో పడింది.

దాచడమెందుకు, ముందే చెప్తాను. ఐదేళ్ళ కిందట ఆపా ప్రాణంగా పెంచుకున్న పధ్నాలుగు చేపల్ని చంపింది నేనే. దొంగతనంగా కాదు, పగతో కాదు. నమ్మి అప్పజెబితే, బాగు చెయ్యబోయి చంపాను. ఆమె మళ్ళీ పెంచింది. ఇప్పుడు ఆ తొట్టిలో పందొమ్మిది ఉన్నాయి. ఆపా లేదు. వాటిని ఎవరి చేతిలో పెడతారో, అవి బతుకుతాయో లేదో అన్న దిగులు ఫోన్ పెట్టేసిన క్షణం నుంచే నన్ను పట్టుకుంది. నా చేతికి మాత్రం రాకూడదని ఆ క్షణంలోనే మొక్కుకున్నాను కూడా.

ఆపా అంటే మా వైపు రొయ్యల గుంటలున్న వాళ్ళకు ఎవరికీ పరిచయం అక్కర్లేదు. ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే రోడ్డు పక్కన నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్ ఒకటుంది. ఓనరు వేరే, నడిపేది ఆపా. ముందు గదిలో ల్యాబు, వెనక రెండు గదుల్లో ఆమె ఒక్కతే కాపురం. మధ్యలో ఒక పచ్చ కర్టెన్. పొద్దున ఆరున్నరకల్లా సీసాల్లో గుంట నీళ్ళు పట్టుకుని మేమందరం ఆ గుమ్మం ముందు నిలబడేవాళ్ళం. నీళ్ళలో ఉప్పెంత, అమ్మోనియా ఎంత, రోగం పురుగు ఉందా లేదా అని ఆమె చీటీ రాసిచ్చేది. పదిహేనేళ్ళు ఆ చీటీలు తీసుకున్నాను. కింద సంతకం ఒక గీత, ఒక మెలిక. పేరేమిటో అడగాలని ఒక్కనాడూ తోచలేదు. డెబ్బై ఏళ్ళ పెద్దాయన కూడా ఆపా, అంటే అక్కా, అనేవాడు. మీసాలు రాని వాణ్ణి కూడా ఆమె అన్నా అనే పిలిచేది.

ఆమె దగ్గర మిషన్లున్నాయి, రంగు మారే మందులున్నాయి, పెద్ద మైక్రోస్కోపు ఉంది. కానీ సీసా చేతికివ్వగానే మొదట చేసే పని వాసన చూడడం. మూత తీసి, తల మీది కొంగు వెనక్కి తోసుకుని, కళ్ళు మూసుకుని సీసాని ముక్కు దగ్గర పెట్టుకునేది. మేమంతా ఊపిరి బిగబట్టుకుని ఆమె మొహం చూసేవాళ్ళం. డాక్టరు దగ్గరికి బిడ్డను తెచ్చిన తల్లికి కూడా అంత ఆత్రం ఉండదేమో. "మేత ఎక్కువేసినావన్నా" అనేది ఒకరితో. "అడుగు నల్లబడింది, చూసుకున్నావా?" అనేది ఇంకొకరితో. తర్వాత మిషను కూడా అదే చెప్పేది. మిషను పనికిమాలినదని మాలో కొందరి అభిప్రాయం.

మా జాతి గురించి ఒక మాట చెప్పాలి. జాతి అంటే గుంటల రైతులం. మడి చెక్క తవ్వి గుంట చేసుకున్ననాటి నుంచి మా చేతులు ఊరుకోవు. రొయ్య కాస్త నెమ్మదించిందా, ఏదో ఒకటి చల్లాలి. సున్నం చల్లాలి, బెల్లం పాకం పొయ్యాలి, ఏ అంగడివాడు ఏ డబ్బా చూపిస్తే అది కొనుక్కొచ్చి గుమ్మరించాలి. చల్లకపోతే నిద్ర పట్టదు. చల్లినా పట్టదనుకోండి, కానీ చేశామన్న తృప్తి ఉంటుంది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని మా నాయన నన్ను చూసే అనేవాడు. ఆపా దగ్గర మా ఆటలు సాగేవి కావు. "ఇప్పుడేం పొయ్యాల ఆపా?" అని అడిగితే, పదింటికి తొమ్మిదిసార్లు ఆమె జవాబు ఒకటే.

"గమ్మునుండన్నా."

"గమ్మునుంటే ఎట్టా? గుంటంతా పోతాది!"

"నీళ్ళు తేరుకుంటాయి. నువ్వు తేరుకోనిస్తే."

"నీ మాట వింటే మందులంగళ్ళ వాళ్ళు జోలె పట్టుకోవాల్సిందే" అని ఒకాయన వేళాకోళం చేస్తే, కొంగు నోటికడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వేది. నవ్వు బయటికి వినబడేది కాదు. ఆమె గట్టిగా నవ్వడం, గట్టిగా తిట్టడం నేనెప్పుడూ వినలేదు. ఆ తిట్టకపోవడం ఎంత బరువో తర్వాత తెలిసింది నాకు.

చేపల్ని మొదటిసారి చూసింది ఒక వానరోజు. ల్యాబులో కరెంటు లేదు, నన్ను లోపలికొచ్చి కూర్చోమంది. కర్టెన్ పక్కకు జరిపితే గోడవారగా గాజుతొట్టి. వాళ్ళ తమ్ముడు ఫ్రేముల అద్దాలు కోసే చేత్తోనే కట్టిచ్చాడట. నిండా పచ్చ నాచు మొక్కలు, అడుగున సన్న ఇసుక. చేపలేవీ కనబడలేదు. ఖాళీ తొట్టికి ఇంత ముస్తాబెందుకని అడగబోతుండగా ఒక ఆకు వెనక నుంచి చింతగింజంత చేప బయటికొచ్చి నా ఎదుట నిలబడింది. ఈదడం కాదు, నిలబడింది. పసుపు కలిసిన ఆకుపచ్చ ఒళ్ళు, నల్ల మచ్చలు, ఉబ్బిన బుగ్గలు. ఒక కన్ను నన్ను చూస్తోంది, ఇంకో కన్ను ఆపాని చూస్తోంది. రెండు కళ్ళు రెండు వైపులా తిప్పే చేపను నేను చూడడం అదే మొదలు. దాని వెనకే ఇంకోటి, ఇంకోటి.

"అమ్మ నా తల్లో! ఇది మన మైపాడు వలల్లో పడే బుడగ చేప పిల్ల గదా! విషం ఆపా ఇది, ఒడ్డున పారేస్తారు గదా!" అన్నాను.

"దాని చుట్టమే. కానీ ఇది సముద్రం మొహం చూళ్ళేదు. కేరళ ఏటి నీళ్ళలో ఉంటాది. ఇంతకంటే పెరగదు. దీనికి మంచినీళ్ళే."

"చిటికెడు ఉప్పన్నా వేస్తావా లేదా?"

ఆపా నుదురు కొట్టుకుంది. "నువ్వు ఇరవై మూడో వాడివన్నా ఆ మాటన్నది. ఈ రోడ్డున పొయ్యే ప్రతివోడూ దీనికి ఉప్పెయ్యమనే చెప్తాడు."

సముద్రం ఒడ్డున పుట్టినవాళ్ళం, మాకు తెలిసిన బుడగ చేప ఉప్పునీటిదే. మా మాట మాదే.

ఆ బుడ్డ చేపలకు ఉన్న పొగరు ఇంతా అంతా కాదు. అంగట్లో కొన్న పొడి మేత ముట్టవు. కదిలేదే తినాలి. అందుకే ఆపా ఇంటి వెనక బానలో నీళ్ళు పెట్టి దోమపిల్లలు పెంచేది. నెల్లూరు జిల్లాలో దోమల్ని పనిగట్టుకుని పెంచిన మనిషి ఈమె ఒక్కతే అయ్యుంటుంది. రెక్కలొచ్చేలోపే టీ వడగట్టే జల్లెడతో తోడి తొట్టిలో వేసేది. పంచాయతీ వాళ్ళు మందు కొట్టడానికొస్తే బాన మీద మూత పెట్టి దాని మీద కూర్చునేది. "ఏముందమ్మా అందులో?" అంటే "ఊరగాయ" అనేది ముఖం మీద ఒక్క ముడత కదలకుండా. ఇంకో మేత చిన్న నత్తలు. మా అత్తగారి ఊరు కోవూరు దగ్గర. అక్కడి మడి కాలవల్లోంచి నత్తలు తెచ్చిపెట్టే పని నాదయింది. తెచ్చినవి నేరుగా వెయ్యనిచ్చేది కాదు. వేరే బకెట్లో మూడు వారాలుంచి, చీడ లేదని తేలాకే తొట్టిలోకి. "అల్లుడొచ్చినా ఇన్ని రోజులు బయట కూర్చోబెట్టరు ఆపా" అనేవాణ్ణి. నత్త పెంకును అవి కొరికితే 'టిక్' మని బయటికి వినబడేది. ఆ చప్పుడుకు ఆపా చేస్తున్న పని ఆపి తొట్టి వైపు తల తిప్పేది. వాటి పళ్ళు పెరుగుతూనే ఉంటాయట, గట్టివి కొరికి అరగదీసుకోకపోతే నోరు మూసుకుపోయి ఆకలికి చస్తాయట.

ఒకదాన్ని చూస్తే ఒకదానికి పడదు. మగవి మరీను. అందుకే అన్ని మొక్కలు. "ఒకదానికొకటి కనబడకుంటే బాగానే ఉంటాయన్నా" అని ఆమె అంటే, "అన్నదమ్ములకు గట్టెయ్యమన్నట్టు" అన్నాను నేను. ఆ మాట ఆమెకు ఎంత నచ్చిందో, ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ చెప్పింది.

ఎందుకు ఇంత అవస్థ అని ఒకసారి అడిగాను. బాన దగ్గర కూర్చుని దోమపిల్లలు తోడుతోంది. జల్లెడ విదిలించి, గిన్నెలో వేసి, అప్పుడు చెప్పింది: "పొద్దున్నుంచి నేను చూసే నీళ్ళన్నీ అమ్మేదాని కోసం పెంచే వాటివే గదన్నా. అవి బతకాలని మీకూ ఉంటాది, నాకూ ఉంటాది. కానీ ఎన్నాళ్ళు? కౌంటుకొచ్చిందాకా, కిలోకిన్ని అని తూకానికొచ్చిందాకా. అమ్మకుండా, కొయ్యకుండా, దాని ఆయుష్షు తీరిందాకా చూసుకునే ప్రాణం ఒకటన్నా ఇంట్లో ఉండాలనిపిస్తాది." ఇంతకంటే పొడుగు మాట ఆమె నోట నేను వినలేదు. పిల్లల్లేరు ఆమెకు. ఆ సంగతి ఎత్తే ధైర్యం నాకు రాలేదు, ఆమె ఎత్తలేదు.

ఇక నా నిర్వాకం.

ఐదేళ్ళ కిందట ఆపాకు గర్భసంచి ఆపరేషన్ చెయ్యాలన్నారు. నెల్లూరు ఆసుపత్రిలో, ఆ తర్వాత తమ్ముడింట్లో కలిపి పన్నెండు రోజులు. చేపల్ని ఎవరు చూడాలి? నేను దూకాను ముందుకి. "ఎనిమిదెకరాల గుంటలు చూసేవోణ్ణి ఆపా, ఈ అద్దాల పెట్టె చూళ్ళేనా?" అన్నాను. ఆమె నన్ను చాలాసేపు చూసింది. సీసా వాసన చూసేటప్పుడు ఉండే మొహం అది. చివరికి ఒప్పుకుని చీటీ రాసిచ్చింది. పొద్దున ఒక్కసారే మేత, ఒక చెంచాడు. కిటికీలో ఉన్న చేపపిల్లల సీసాకి రెండు రోజులకొకసారి మేత నీళ్ళు నాలుగు చుక్కలు. ఏదీ పొయ్యొద్దు. ఆ 'ఏదీ పొయ్యొద్దు' కింద రెండు గీతలు.

నాలుగు రోజులు బుద్ధిగా చేశాను. కానీ ఆ చేపలున్నాయే, మనిషి కనబడగానే అద్దం దగ్గరకొచ్చి వరసగా నిలబడి పైకీ కిందికీ ఆడతాయి. ఆకలి ఆకలి అన్నట్టే ఉంటుంది. ఐదోరోజు జాలి పుట్టింది. ఒక చెంచాకు రెండు, ఆరోరోజు మూడు, సాయంత్రం ఇంకొంచెం. ఏడోరోజు పొద్దున పోయి చూస్తే పధ్నాలుగూ ఇసుక మీద పడుకుని ఉన్నాయి. పొట్టలు గోలీల్లాగా ఉబ్బి ఉన్నాయి. కదలడం లేదు. అద్దం మీద తట్టినా రావడం లేదు.

ఆపాకు ఫోన్ చేద్దామంటే ఆమెకు ఆపరేషనయి రెండు రోజులు. మా గుంటల్లో రొయ్య అడుగుకు పడిందంటే మాకొకటే అర్థం: రోగం. రోగానికి మాకొకటే జవాబు: మందు. బండి పెట్టెలో గుంటల్లో రోగం పురుగును చంపడానికి పోసే సానిటైజర్ డబ్బా ఉంది. ఎకరానికి లీటరు. ఇది ఎంత తొట్టి, ఇంతేగా అనుకున్నాను. మూతెడు కొలిచి, జాగ్రత్తగా కొలిచానన్న గర్వంతో, పోశాను. పోసి, కిటికీ రెక్క మూసి, మనసు కుదుటపడి గుంటకు వెళ్ళాను. ఆ రోజు అన్నం బాగా తిన్నట్టు కూడా గుర్తు.

సాయంత్రం వచ్చి చూస్తే పధ్నాలుగు చింతగింజలూ నీళ్ళ మీద తేలుతున్నాయి. నత్తలు కూడా పెంకుల్లోంచి బయటికి వేలాడి చచ్చాయి.

ఏం చేశానో చెప్పడానికి నాకే సిగ్గు. తీసి వేపచెట్టు మొదట్లో పాతిపెట్టాను. నెల్లూరు పోయి నాలుగు చేపలంగళ్ళు తిరిగాను. ఇట్టాంటి చేప లేదన్నారు. ఉండుంటే కొనుక్కొచ్చి తొట్టిలో వేసి నోరు మూసుకునేవాణ్ణే. ఇంట్లో వాళ్ళకు చెప్పలేదు, ఎవ్వరికీ చెప్పలేదు. ఐదు రోజులు తిండి సహించలేదు.

ఆపా వచ్చింది. తమ్ముడు ఆమెను మంచం మీద కూర్చోబెట్టి మందులు కొనడానికి అంగడికి పోయాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. పొట్ట చేత్తో పట్టుకుని ఆమె మెల్లగా లేచి తొట్టి దగ్గరకు నడిచింది. నేను గబగబా అందుకున్నాను: "కరెంటు పోయింది ఆపా. గాలి మోటారు ఆగిపోయింది. నేను వచ్చేలోపే..."

ఆమె తొట్టి మూత తీసింది. వంగడానికి లేదు కదా కుట్లతో. గ్లాసుతో నీళ్ళు ముంచి ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. నా ప్రాణాలు అక్కడికక్కడే పోయినా బాగుండుననిపించింది.

"ఎంత పోసినావన్నా?" అంది.

"మూతెడు."

తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణి. ఆమె మంచం మీద కూర్చుని, చీటీల పుస్తకం, పెన్నూ అందుకోమని సైగ చేసింది. నా చేతికే ఇచ్చింది.

"ఎకరా గుంటలో ఎన్ని లీటర్లుంటాయన్నా?"

"నిండుగా ఉంటే నలభై లక్షలు."

"నా తొట్టిలో?"

"వంద."

"నలభై లక్షలకు లీటరయితే వందకెంతో రాయి."

రాశాను. మూడుసార్లు కొట్టేశాను. నేను చదువుకున్నవాణ్ణే, కానీ ఆ లెక్క తెగలేదు. చివరికి ఆమే సాయం చేసింది. "లీటరుకు ఇరవై వేల చుక్కలనుకో." వేశాను. అర చుక్క వచ్చింది. మూతలో ఎన్ని చుక్కలో ఆమె అడగలేదు, నేనే వేసుకున్నాను. వంద. అర చుక్క చాలిన చోట వంద చుక్కలు పోశాను.

"ఆ అర చుక్కయినా అక్కర్లేదన్నా" అంది ఆపా. గొంతు పెద్దది కాలేదు. "వాటికి రోగం లేదు. కడుపు నిండి పడుకోని ఉన్నాయి. అంతే. మధ్యాహ్నానికి లేచుండేవి."

ఆమె కిటికీ రెక్క తియ్యమంది. అక్కడ, నాచు నిండిన హార్లిక్స్ సీసా. పన్నెండు రోజులుగా నేను దాని సంగతే మరిచిపోయాను. ఒక్క చుక్క మేత వెయ్యలేదు. ఆమె వెలుతురుకు పట్టి చూసింది. నాచులో గురిగింజంత పిల్లలు మూడు తిరుగుతున్నాయి. నాచులో పుట్టిన కంటికానని పురుగుల్ని తిని బతికాయట.

"నువ్వు మరిచిపోయినవి బతికినాయన్నా" అంది. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. చీటీ రాసేటప్పుడు అమ్మోనియా ఇంత, ఉప్పు ఇంత అని చదివినట్టే చదివింది.

మళ్ళీ ఆ గుమ్మం తొక్కకూడదనుకున్నాను. నాలుగో రోజు ఆమే కబురు పెట్టింది, నీళ్ళు పరీక్షకు తేలేదేమని. సీసా పట్టుకుని పోయాను. సీసా తీసుకుని, "లోపల పోయి కూర్చోన్నా, పది నిమిషాలు" అంది. తొట్టి ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. కడిగి, కొత్త మొక్కలేసిన తొట్టిలో మూడు పిల్లలు. పది నిమిషాలయ్యాక పిలిచి చీటీ ఇచ్చింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. తక్కిన రైతులకు గుమ్మంలోనే చీటీ, నాకు మాత్రం కుర్చీ. శిక్ష వేసిందనుకున్నాను. బడిలో గోడకుర్చీ గుర్తొచ్చేది. బయట వాళ్ళందరికీ నా బాగోతం తెలుసనీ, నేను లోపలికి పోగానే చెవులు కొరుక్కుంటున్నారనీ అనుకుని కుమిలిపోయేవాణ్ణి.

కుర్చీలో కూర్చుంటే చూడక తప్పుతుందా? చూడగా చూడగా ఏది ఏదో తెలిసింది. తోక దగ్గర మచ్చలు కలిసిపోయినది ఆడది, పొట్ట కింద నల్ల గీత ఉన్నది మగది, వాడు పరమ జగడాలమారి. గుడ్లు పెట్టాయి, పిల్లలయ్యాయి. కొన్ని పోయాయి, కొన్ని నిలిచాయి. ఒకనాడు వాటిలో పెద్దది ఇసుక మీద పడుకుని ఉంది. పొట్ట గోలీలా ఉంది. లేచి నిలబడ్డాను. చెయ్యి నాకు తెలియకుండానే జేబులోకి పోయింది, జేబులో ఏముందని? బండి తాళం. వెనక్కి తిరిగి చూస్తే కర్టెన్ పట్టుకుని ఆపా నిలబడి ఉంది. పిలుద్దామనుకున్నాను. ఆమె చేప వైపు చూడడం లేదు, నా వైపే చూస్తోంది. మళ్ళీ కూర్చున్నాను. ఆమె ల్యాబులోకి వెళ్ళిపోయింది. ఆ రోజు పది నిమిషాలకు పిలవలేదు. గంటన్నర కూర్చున్నాను. చేప లేచింది, ఒళ్ళు విదిలించుకుంది, నా ఎదుటికొచ్చి మేత అడిగింది. ఎనిమిదెకరాల్లో పంట పండిన రోజు కూడా నాకంత సంతోషం లేదు. ఏం చేశానయ్యా అంటే ఏమీ చెయ్యలేదు.

అప్పటి నుంచి నా గుంటల్లో మందు పొయ్యడం మానేశానని చెప్తే అబద్ధం. పోస్తూనే ఉన్నాను. చేతులు అంత తొందరగా మారవు. కాకపోతే డబ్బా మూత తీసే ముందు ఒక పూట ఆగుతున్నాను. ఆ ఒక్క పూట నాకు ఆపా పెట్టిన భిక్ష.

ఆమె పోయిన రోజు మధ్యాహ్నం గుంటల రైతులం ముప్పై మందిమి ఖబరస్తాన్ గోడ పక్కన తలలకు చేతి రుమాళ్ళు కట్టుకుని నిలబడ్డాం. గుండె నొప్పితో రెండు రోజులే ఉందట ఆసుపత్రిలో. వాళ్ళ వాళ్ళంతా అయ్యాక మమ్మల్నీ పిలిచారు. మూడు గుప్పిళ్ళు మట్టి వేశాను. ఉప్పు నేల కదా మాది, మట్టి తడిగా, బరువుగా ఉంది. పక్కన ఉన్న పెద్దాయన ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. చేపలకు మేత ఎవరు వేశారో ఈ పొద్దున అనే ఆలోచిస్తున్నాను, పాపిష్టి మనసు.

మూడోనాడు ఆమె తమ్ముడు రమ్మన్నాడు. పోయాను. మిషన్ల మీద బట్ట కప్పి ఉంది. కర్టెన్ వెనక తొట్టి అట్లాగే ఉంది. పందొమ్మిదీ అద్దం దగ్గరకొచ్చి వరసగా నిలబడ్డాయి.

"అడిగినోళ్ళు చానామంది ఉండారన్నా" అన్నాడు ఆయన. "ల్యాబు ఓనరు అడిగినాడు. నెల్లూరులో చేపలంగడాయన అడిగినాడు, నాకయితే ఇట్టాంటివి బాగా తెలుసు అన్నాడు. కానీ ఆపా ఆసుపత్రిలో నాతో చెప్పింది. నీకే ఇమ్మనింది."

"నాకొద్దు భాయ్" అన్నాను. కాళ్ళు వెనక్కి పడ్డాయి. "నీకు దండం పెడతా. తెలిసినోళ్ళకియ్యి."

"అదే నేనూ అన్నా. అంగడాయన ఉండాడు గదా ఆపా అని. దానికి ఆపా ఏమనిందంటే, కొత్తోళ్ళకిస్తే మొదటి తప్పు కొత్తగా చేస్తారు, అన్న ఆ తప్పు చేసేసినాడు, ఆయనకే ఇయ్యి అనింది." ఆయన నా వైపు తిరిగాడు. "ఏం తప్పన్నా అది?"

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయనకు నిజంగానే తెలియదు. తోడబుట్టినవాడికే చెప్పలేదు ఆమె. ఇన్నేళ్ళు ఊరంతా నవ్వుకుంటోందనుకుని నేను తల దించుకు తిరిగాను. ఆ ఊళ్ళో ఒక్క మనిషికి కూడా ఆమె చెప్పలేదు.

చెప్పాను. రెండు చెంచాలు, మూడు చెంచాలు, మూతెడు మందు, వేపచెట్టు మొదలు, కరెంటు పోయిందని ఆడిన అబద్ధం, అన్నీ చెప్పాను. నా నోటితో ఒక మనిషికి చెప్పడం అదే మొదలు. ఆయన తొట్టి మీద చెయ్యి ఆనించి అంతా విన్నాడు.

"చేపలు పోయినాయని తెలుసన్నా" అన్నాడు చివరికి. "వాటి కాలం అయిపోయింది అనింది మాతో. ఆపరేషనయి ఈ ఇంటికొచ్చినాక మూడు రోజులు మెతుకు ముట్టలా. అటు తిరిగి పడుకోని ఏడస్తానే ఉనింది. తోడుగా ఉన్న నా భార్య ఎంత అడిగినా కుట్లు నొప్పి, కుట్లు నొప్పి అనింది. డాక్టరుని పిలిపించి నొప్పికి సూది కూడా వేయించినాం."

నాలుగో రోజున కదా నాకు కబురు పెట్టింది, సీసా తేలేదేమని.

నా ఏడుపు అప్పుడొచ్చింది. ఆమె తమ్ముడు నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి, నా ఏడుపు ఆగేదాకా ఏమీ అనకుండా పక్కనే నిలబడ్డాడు.